ఊర్ధ్వదుంప

పురపాలక సంఘం ప్రత్యేకాధికారి పరిమి విశ్వంభరరావు గారు రాజధానిలో మూడు రోజుల సదస్సుకు వెళ్లి, నాలుగో రోజు ముల్లంగి భక్తుడై తిరిగొచ్చారు. అక్కడ రెండు పూటలా ముల్లంగి వడ్డించారట, మధ్యలో దాని మీద ఉపన్యాసాలు కూడా వడ్డించారట. రక్తశుద్ధి దగ్గర్నుంచి పౌరుల క్రమశిక్షణ దాకా ముల్లంగి చేయని మేలు లేదని ఆయనకు రూఢి అయిపోయింది. వచ్చిన వారంలోనే ‘ఇంటింటా ముల్లంగి’ పథకం పుట్టింది. పెరడున్న ప్రతి గృహస్థుడూ విధిగా ముల్లంగి వేయవలెను, నలభై ఐదో రోజున వార్డు పర్యవేక్షకుడి సమక్షంలో పీకి కొలిపించవలెను, దుంప ఇరవై సెంటీమీటర్లకు తగ్గరాదు అని గోడల మీద రాయించారు. ఆటోకి మైకు కట్టి మరీ చెప్పించారు.

కార్తీక మాసంలో ఇంటికో విత్తనాల పొట్లం పంచారు. పొట్లం మీద గడువు తేదీ ఉన్నచోట సరిగ్గా పథకం బొమ్మ అంటించారు. ఆ బొమ్మ గోకి చూసినవాళ్లకి రెండేళ్ల కిందటి తేదీ కనిపించింది. గోకనివాళ్లకి ఏమీ కనిపించలేదు, ముల్లంగితో సహా.

మొలవకపోతే మొలవలేదని చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. మొలవలేదని చెప్పాలంటే ఆరు పేజీల ఫారం నింపి, మట్టి నమూనా జతచేసి, మొలవకపోవడంలో తమ తప్పు లేదని ఇద్దరు పెద్దమనుషుల చేత రాయించుకురావాలి. మొలిచిందని చెప్పాలంటే ఒక్క సంతకం చాలు. గడియారస్తంభం వీధివాళ్లు బుద్ధిమంతులు. తనిఖీ రోజు పొద్దున్నే బజారు నుంచి పదకొండు ముల్లంగులు బుట్టలో తెప్పించుకున్నారు. పర్యవేక్షకుడు చిక్కాల సుందర్రాజు మొదటి ఇంట్లో ఉండగా రెండో ఇంటి పెరట్లో వాటిని పాతేవారు. అతను పీకి, కొలిచి, రాసుకుని, వాళ్లిచ్చిన టీ తాగుతుండగా అవే ముల్లంగులు మట్టి దులుపుకుని గోడ మీదుగా మూడో ఇంటికి చేరేవి. ఇలా ఆ పదకొండు ముల్లంగులూ ఒక్క పూటలో నలభై రెండు పెరళ్లలో పండాయి. వాటిలో ఒకదానికి కింద రెండు కాళ్లు చీలి ఉన్నాయి. సుందర్రాజు దాన్ని తొమ్మిదిళ్లలో కొలిచి, తొమ్మిదిసార్లూ మెచ్చుకున్నాడు. పదో ఇంట్లో మాత్రం ‘నీరు చాలక వాడినది, సలహా ఇవ్వడమైనది’ అని రాశాడు.

అన్నట్టు, నలభై ఐదో రోజున జరగవలసిన ఈ తనిఖీ ఫారాలు అచ్చు కాకపోవడం వల్ల అరవయ్యో రోజున జరిగింది. రిజిస్టరులో మాత్రం అది నలభై ఐదో రోజే.

బుట్ట ఆగిపోయిన ఇల్లు ఒక్కటే, మట్టపర్తి మంగాయమ్మ ఇల్లు. ఆమె బాలికల హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసి రిటైరైన మనిషి. రెండొందల మంది ఆడపిల్లల చేత వంకలు పెట్టించుకోకుండా కూర తినిపించిన మనిషి కనుక ఆమెకు మొహమాటం తక్కువ. సర్కారు పొట్లం విప్పి, ఓ గింజ గోటితో నొక్కి, "ఇది చచ్చి చాన్నాళ్లైంది" అని అవతల పడేసింది. ఆమెకు తన విత్తనం వేరే ఉంది. హాస్టల్ వెనక మడిలో ఇరవై రెండేళ్ల కిందట వేసి, ఏటేటా కాయ ఎండబెట్టి గింజ తీసి, మళ్లీ వేసుకుంటూ వచ్చిన రకం. అది దుంప కోసం వేసేది కాదు. కాయల కోసం. చెట్టు ఛాతీ ఎత్తు ఎదిగి, తెల్లగా పూసి, కొమ్మ కొమ్మకీ సన్నటి పొడుగాటి కాయలు దిగుతాయి. లేతగా ఉన్నప్పుడు తుంపితే టక్కుమని విరగాలి. పచ్చివి ఉప్పద్దుకుని పెరుగన్నంలో నంజుకుంటే ముక్కు దాకా వెళ్లే చిన్న ఘాటు ఉంటుంది, ఆ ఘాటు కోసమే ఆమె పుష్యమాసం వచ్చేదాకా ఎదురుచూసేది.

కిందటేడు గాలివానకి కప్పు కారి విత్తనాల సీసాలోకి నీళ్లు దిగాయి. మంగాయమ్మ ఆ గింజలన్నీ చాటలో పోసుకుని ఏరితే పనికొచ్చేవి పదహారు తేలాయి. పదహారూ వేసింది. ఏడు మొలిచాయి. ఆరు తినడానికి, గోడ పక్కన అన్నిటికంటే బలంగా లేచిన ఏడోది విత్తనానికి. ఆ ఏడో చెట్టు పోతే ఇరవై రెండేళ్ల వంగడం పోయినట్టే.

తనిఖీ రోజు పక్కింటి భానుమతి గోడ మీదుగా బుట్ట అందించబోయింది.

"పిన్నిగారూ, గబగబా పాతెయ్యండి. ఆయన మా ఇంట్లో టీ తాగుతున్నాడు, వచ్చేత్తాడు."

"నా పెరట్లో ముల్లంగి ఉందే తల్లీ! ఉన్నదానికి మళ్లీ పాతడం దేనికి?" అంది మంగాయమ్మ.

"ఉన్నదాంతో వాళ్లకేం పనండీ, కొలతకి సరిపోవాలి గానీ!" అని భానుమతి మొత్తుకుంది. మంగాయమ్మ వినలేదు.

సుందర్రాజు స్కేలు పట్టుకుని వచ్చి, నడుం వంచి పెరడంతా కలయజూసి, "ముల్లంగి ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"మీ ముక్కుకి తగుల్తుంది గదా బాబూ."

అతను ముక్కుకి తగులుతున్న పూలకొమ్మని పక్కకి తప్పించి, ఓ చెట్టు పీకాడు. కింద వేలెడంత దుంప, కట్టెలా ఉంది. కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లు. అతని మొహం చిన్నబోయింది.

"ఇదంతా పీచేనమ్మా."

"పీచే అవుద్ది. సత్తువంతా కాయకి ఎల్లిపోద్ది గదా. దీనికి తినేది కాయ. ఇదిగో, నమిలి చూడండి."

సుందర్రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఫారంలో ‘తినదగు భాగము’ అన్నచోట దుంప అని అచ్చేసి ఉందమ్మా. నేను కాయ తింటే ఫారాన్ని ధిక్కరించినట్టు."

"ఫారాన్ని తినమనట్లేదు బాబూ, కాయని తినమంటన్నాను."

అతను తినలేదు. మంగాయమ్మ పీకిన చెట్టు కాయలు ఒళ్లోకి దూసుకుంటూ, "పీకితే పీకారు గానీ, ఆ గోడ పక్క చెట్టు జోలికి మాత్రం ఎల్లకండి. అది విత్తనానికి ఉంచింది, నాకున్నది అదొక్కటే" అని చెప్పింది. సుందర్రాజు తలూపాడు. మంచివాడే, చెప్పిందల్లా వింటాడు. వచ్చిన చిక్కల్లా ఆఖర్న ఎవరు చెబితే వాళ్ల మాట వినడమే. పంట పేరు రాసేచోట కాసేపు పెన్ను ఆపి, ‘గుర్తు తెలియని కాయజాతి’ అని రాసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజుకి తాఖీదు వచ్చింది. సర్కారు వారి ముల్లంగి విత్తనమును పక్కదారి పట్టించి, ముల్లంగి పేరిట వేరొక మొక్కను పోషించుచున్నందులకు మీపై ఏల చర్య గైకొనరాదో స్వయముగా హాజరై తెలుపవలెనని అందులో ఉంది. మంగాయమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఓ గుప్పెడు కాయలు సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్లింది.

విశ్వంభరరావు గారు ఆమెను కూర్చోమన్నారు. ఆయన ఎవరినీ కసురుకోరు. మార్గదర్శకాలే ఆ పని చేస్తాయి.

"చూడండమ్మా, ముల్లంగి యనునది దుంపజాతి. ఇది నా సొంత అభిప్రాయం కాదు, మార్గదర్శకాల రెండో పేజీ. దుంపజాతి యన్నప్పుడు నిర్ణీత ప్రమాణంలో దుంప ఉండి తీరాలి. మీ మొక్కకు లేదు. పైగా కాయలున్నవి. కావున, అది ముల్లంగి కానేరదు."

"అయ్యా, కాయలు కాయకపోతే ముల్లంగికి విత్తనం ఎక్కణ్నించి వస్తాదండీ?"

ఆయన ఓ క్షణం ఆలోచించారు. "పొట్లంలో వస్తుంది" అన్నారు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అన్నం ఉడికిందో లేదో రిజిస్టరు చూసి చెప్పే వార్డెన్లను మంగాయమ్మ చూసింది గానీ, ఇంతటివాణ్ని చూడలేదు.

"సరేనండి. ముల్లంగి కాకపోతే మరేంటండి ఇది?"

"అది నిర్ధారణ సంఘం తేల్చవలసిన విషయం. తేలే వరకు అది గుర్తు తెలియని మొక్క." ఇలా అని, హఠాత్తుగా కళ్లజోడు తీశారు. "మీరు దీన్ని తిన్నారా?"

"రోజూ తింటానండి. పక్కింటి భానుమతికీ పెట్టాను."

ఆయన గంట కొట్టారు. మంగాయమ్మ ఇంటికి చేరేలోగా ఆరోగ్య విభాగం వ్యాను ఆమె గుమ్మం ముందు ఆగి ఉంది. గుర్తు తెలియని పదార్థం భుజించిన వ్యక్తి అని తలుపు మీద కాగితం అంటించి, పది రోజులు గడప దాటకూడదన్నారు. భానుమతి తలుపుకీ అంటించారు. రోజుకి రెండుసార్లు నర్సు వచ్చి ఎలా ఉందని అడిగేది. ఆకలి బాగా వేస్తోందని మంగాయమ్మ చెబితే, ‘ఆకలి: ఉన్నది. కారణం: తెలియదు’ అని రాసుకునేది. భానుమతి మాత్రం గోడవతల నుంచి, "బుట్ట పుచ్చుకుంటే మీ సొమ్మేం పోయేదండీ పిన్నిగారూ, నా పుట్టింటి పెళ్లి పోయింది" అని ఏడుస్తూ ఉండేది.

పదో రోజున గుర్తు తెలియని కాయ నిర్ధారణ సంఘం విచ్చేసింది. విశ్వంభరరావు గారు అధ్యక్షులు. ఆహార తనిఖీ అధికారి ఒకరు. మూడో ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. ఆయన గుమ్మంలోంచే చెట్టుని చూసి ముల్లంగని పోల్చుకున్నాడు. పోల్చుకున్నట్టు పైకి తెలిస్తే వచ్చే సంఘంలో వేయరేమోనని మౌనంగా ఉండిపోయాడు. పరీక్షించవలసిన పద్ధతి మీద ముప్పావుగంట చర్చ జరిగింది. పదార్థం వండినప్పుడు ఎలా ప్రవర్తించునో చూడవలెనని తీర్మానించారు.

వండమనేసరికి మంగాయమ్మకి కోపం కూడా కాస్త తగ్గింది. లేత కాయలు ఏరి, తొడిమలు తుంచి, అంగుళమేసి ముక్కలు చేసింది. శనగపప్పు పలుకుగా ఉడికించి, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టి, కాయల పచ్చిదనం పోకముందే దించి, పచ్చికొబ్బరి కోరు చల్లింది. సంఘం వారు ముందు చెంచాతో మొదలుపెట్టి, తరవాత చేత్తో తిన్నారు. మారు అడిగారు. మళ్లీ మారు అడిగారు. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని, "నిర్ధారణకి ఇంకొంచెం అవసరం" అన్నారు.

మూకుడు ఖాళీ అయ్యాక సుందర్రాజు వినయంగా రిజిస్టరు తెరిచాడు.

"సార్, గుర్తు తెలియని పదార్థం తిన్నవారి పేర్లు రాసుకోవాలండి. పది రోజులు గడప దాటకూడదండి. తమరు పెట్టిన నిబంధనేనండి."

ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వచ్చే వారం మంత్రిగారి పర్యటన ఉంది. గుర్తు తెలియని పదార్థం అంటే ముగ్గురి తలుపులకీ కాగితాలు పడతాయి. ముల్లంగి అందామంటే మార్గదర్శకాలు తప్పని ఒప్పుకోవాలి, అవి నాలుగు వేల ప్రతులు అచ్చయిపోయాయి కనుక తప్పు కావడానికి వీల్లేదు. అప్పుడు లెక్చరరు గొంతు సవరించుకున్నాడు.

"నేలలోకి దిగేదే దుంప అని ఎక్కడా లేదు కదండీ. నేలలోకి దిగితే అధోదుంప. పైకి పాకితే ఊర్ధ్వదుంప."

విశ్వంభరరావు గారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

"అది కాయండీ!" అంది మంగాయమ్మ. "ఇరవై రెండేళ్ల నించీ కాయనే వండుతున్నాను."

"తెలియక వండారు. దాని మీద చర్య ఉండదు" అన్నారు ఆయన దయతో.

మర్నాటి నుంచి మైకు మారింది. ముల్లంగిని పీకుట నేరము, ప్రతి పెరటిలోనూ మొక్కకు ఇరవై ఐదుకు తగ్గకుండా ఊర్ధ్వదుంపలు పదిహేను రోజుల్లో చూపవలెను అని ఆటో తిరిగింది. గడియారస్తంభం వీధివాళ్లు ఓ పూట తలలు పట్టుకున్నారు. ఆ తరవాత బజారు నుంచి మళ్లీ బుట్ట ముల్లంగులూ, దాంతోపాటు రెండు బుట్టల గోరుచిక్కుడు కాయలూ తెప్పించారు. ముల్లంగి నేలలో పాతి, దాని ఆకులకి గోరుచిక్కుడు కాయలు దారంతో కట్టారు. ఒకరింట్లో దారం చాలక రబ్బరు బ్యాండ్లు వేశారు. సుందర్రాజు వాటిని చాలాసేపు చూసి, ‘తొడిమ మిక్కిలి బలముగా నున్నది’ అని రాశాడు. ఊరంతా నూటికి నూరు శాతం ఊర్ధ్వదుంప అయింది.

అసలు కాయలు చూడాలని ఉన్నవాళ్లు మాత్రం మంగాయమ్మ పెరటికే వచ్చేవారు. ఇంజనీరింగ్ విభాగం సంచులతో నిర్ధారణకి వచ్చింది. పారిశుధ్య విభాగం నిర్ధారణకి వచ్చింది. జనన మరణాల విభాగం కూడా వచ్చింది. వారం తిరిగేసరికి చెట్లు బోసిపోయాయి. మంగాయమ్మకి నంజుకోవడానికి నాలుగు కాయలు మిగల్లేదు. పోనీలే అనుకుంది, కొంచెం కష్టంగానే అనుకుంది. గోడ పక్క చెట్టు దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా మంచం వేసుకుని కూర్చుంది. దాని కాయలు అప్పుడే ఆకుపచ్చ విడిచి పసుపులోకి వస్తున్నాయి. ఇంకో పదిహేను రోజులుంటే గింజ గట్టిపడుతుంది.

ఇంతలో ఆమెకు సన్మానం వచ్చిపడింది. మంత్రిగారి సమక్షంలో ‘ఊర్ధ్వదుంప ఆద్యురాలు’ అనే బిరుదు, శాలువా. రానంటే కుదరదని కారు పంపించారు. మంగాయమ్మ తలుపు తాళం వేసి, భానుమతితో చెట్టు కాస్త చూస్తుండమని చెప్పి కారెక్కింది.

టౌన్‌హాల్లో ఉపన్యాసాలు రెండు గంటలు సాగాయి. శాలువా కప్పారు. పూలగుత్తి ఇవ్వాల్సిన సమయానికి విశ్వంభరరావు గారు మైకు పుచ్చుకుని, ఇంతటి మహిళకు మామూలు పూలగుత్తి సరిపోదని, సందర్భానికి తగినట్టు ఏర్పాటు చేయించానని చెప్పారు. సుందర్రాజు తెర వెనక నుంచి వచ్చాడు. అతని చేతిలో వేళ్లతో సహా పీకిన ముల్లంగి చెట్టు, మొదట్లో రంగు కాగితం చుట్టి, బంగారు రిబ్బను కట్టి ఉంది. పసుపు తిరుగుతున్న కాయలు చూడగానే అది ఏ చెట్టో మంగాయమ్మకి తెలిసిపోయింది.

"కాయలున్న మొక్క తెమ్మన్నారమ్మా. ఊరు మొత్తానికి అదొక్కటే ఉంది" అన్నాడు సుందర్రాజు, ఆమె మొహంలోకి చూడకుండా.

మంగాయమ్మ ఒక కాయ చిదిమింది. గింజలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వేలికి పాలు అంటుకున్నాయి. ఇంకోటి చిదిమింది. అదీ అంతే. ఆమెకు దుఃఖం ఆగలేదు, అంతమంది ముందు ఏడ్చేసింది. ఆనందబాష్పాలని విశ్వంభరరావు గారు మైకులో ప్రకటించి, రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె ముందు పెట్టారు.

"ఇది నా విత్తనపు చెట్టండి. ముట్టుకోవద్దని చెప్పానండి. ఇంక నా దగ్గర ఒక్క గింజ లేదండి" అంది మంగాయమ్మ.

"విన్నారా! తనకంటూ ఒక్క గింజైనా ఉంచుకోకుండా సర్వం ఊరికి అర్పించిన త్యాగమయి!" అన్నారు విశ్వంభరరావు గారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు కూడా కొట్టారు.

ఆ ఎండాకాలం మంగాయమ్మ ఊళ్లో విత్తనాల కొట్లన్నీ తిరిగింది. పక్కూళ్లకీ వెళ్లింది. అందరి దగ్గరా దుంప రకమే ఉంది. హాస్టల్ వెనక పాత మడి దగ్గరికి వెళ్తే అక్కడ సిమెంటు పోసి మోటారు సైకిళ్లు పెట్టుకుంటున్నారు. తిరిగొచ్చి, పెరట్లో మడిని మాత్రం ఎప్పటిలాగే తవ్వి, ఎరువు వేసి, చదును చేసి ఉంచింది. ఏం వేయాలో ఆమెకే తెలియదు.

మళ్లీ కార్తీకం వచ్చేసరికి తాఖీదు వచ్చింది. ఆద్యురాలైన మీరు నాలుగు వేల గృహములకు సరిపడు ఊర్ధ్వదుంప విత్తనమును వారం లోపల సరఫరా చేయవలెను. మంగాయమ్మ దాని మీదే ‘లేదు’ అని రాసి తిప్పి పంపింది. లేదు అన్న జవాబు తీసుకునే వీలు ఆ ఆఫీసులో లేదు. చివరికి గడియారస్తంభం వీధివాళ్లే ఆదుకున్నారు. కిరాణా కొట్టు నుంచి ఆవాలు తెప్పించి పొట్లాలు కట్టారు. కొత్త పొట్లం కనుక గడువు తేదీ బ్రహ్మాండంగా ఉంది. ఊరంతా ఆవాలు చల్లారు. ఈసారి నిజంగానే మొలిచాయి, నిజంగానే పూశాయి, నిజంగానే కాయలు కాశాయి. దారాలు, రబ్బరు బ్యాండ్లు అక్కర్లేకపోయింది. తనిఖీలో సుందర్రాజు కళ్లు చెమర్చాయట. పథకం పూర్తి విజయమని పైకి నివేదిక వెళ్లింది.

"మీరూ నాలుగు ఆవాలు చల్లుకోండి పిన్నిగారూ, గొడవుండదు" అని భానుమతి పొట్లం ఇవ్వబోయింది.

"ఆవాలు పోపుల డబ్బాలో ఉన్నాయిలే" అంది మంగాయమ్మ. ఆ మడిలో ఇంకోటి వేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఊళ్లో అన్ని పెరళ్లూ పచ్చగా ఉండి ఒక్కటే ఖాళీగా కనపడేసరికి ఆఫీసు కన్ను దాని మీద పడింది. ఓ రోజు సుందర్రాజు సుత్తీ, మేకులూ, చంకలో ఓ రేకు బోర్డూ పట్టుకుని వచ్చాడు. దాని మీద ‘ఈ ఇంట ముల్లంగి లేదు’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. సహకరించని ఇంటికి కొట్టమన్నారని, ఊరు మొత్తానికి ఇదొక్కటే ఇల్లని నసిగాడు.

"ఏమనుకోకండమ్మా. ఎక్కడ కొట్టమంటారు?"

మంగాయమ్మ బోర్డు చేతిలోకి తీసుకుని, కూడబలుక్కుని చదివి, తిరిగి ఇచ్చింది.

"నలుగురికీ కనపడేలా గుమ్మం మీదే కొట్టండి బాబూ. రెండేళ్లలో మీ ఆఫీసు రాసినవాట్లో నిజం ఇదొక్కటే."